పాత కారులో పెద్ద ఇంజను

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణం అయినది. కవిగారి పద్యాలు అయినవి. పులిహోర పోపు వాసన వంటశాల నుండి ఇక్కడిదాకా వస్తున్నది. ఇటువంటి సమయంలో ఇంజన్ల మాట ఎవరికి కావాలని కార్యదర్శిగారిని అడిగాము. "మన కుర్రవాళ్ళు ఏడాదిగా అడుగుతున్నారండీ, మీ ఇంటి అంబాసిడరు సంగతి చెప్పండి చాలు" అన్నారు. కుర్రవాళ్ళు అడిగేవి రెండు ప్రశ్నలు. పాత బండికి ఇంటి షెడ్డులోనే పెద్ద ఇంజను పెట్టవచ్చునా? పెడితే ఎంత వేగం వస్తుంది? మొదటిదానికి మేము జవాబు చెప్పగలము. రెండవది అడగవలసిన తీరు అది కాదని మా అభిప్రాయము. వేగం ఎంతో ఇంజనే చెప్తుంది. ఆ వేగంతో పోయే బండిని ఏది ఆపాలి, ఆ ఇంజను పుట్టించే వేడిని ఏది చల్లార్చాలి, ఆ బలాన్ని వెనుక చక్రాలదాకా ఏది మోయాలి, ఈ సంగతులు ఇంజను చెప్పదు. మాకు ఇచ్చిన అరగంటలో ఎక్కువ భాగం వీటికే పోతుంది. ఓపిక పట్టవలెనని మనవి.

మేము అంటే ఎవరో ముందు చెప్పుకోవాలి. అన్నదమ్ములం ముగ్గురము, లేతు పని తెలిసిన మా బావగారు, షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చున్న మా చిన్నాన్నగారు. బండి చిన్నాన్నగారిది. 1972 నాటి అంబాసిడరు, మార్కు టూ.

కోయంబత్తూరులో తెలుగువారి ఇంట రెంచీలు, స్పానర్లు ఉండటం వింత కాదు. ఇక్కడి మన కుటుంబాలలో నాగలి పట్టిన తరం తరువాతి తరమే లేతు ముందు నిలబడినది. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టిన మాట పెద్దలు ఎరుగుదురు. ఆయన వస్తువును కొనటంతో తృప్తిపడక, విప్పి చూచి, తానే తయారుచేయగలడా అని పరీక్షించే మనిషి. ఆ గాలి ఈ ఊరిలో ఇంకా ఉన్నది. పంపులు, మోటార్లు, మగ్గాల సామాను చేసే చిన్న చిన్న షెడ్లలో పని చేయించుకోవటం తేలిక కాబట్టే మా పని కూడా సాగినది. షెడ్డులో మా భాష ఎటువంటిదంటే, నట్టు పేరు ఇంగ్లీషులో, దాన్ని బిగించమనే మాట తమిళంలో, అది చేయి జారి కాలిమీద పడినప్పుడు మాత్రం శుద్ధమైన తెలుగులో!

ఇక అసలు విషయానికి వద్దాము. అంబాసిడరు 1957 నుండి 2014 వరకు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ నమూనాయే దాని తల్లి. చాలాకాలం దానిలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. సిలిండరు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ క్రిందికీ నడిచే దూరం సుమారు 89. బలం సుమారు యాభై అశ్వశక్తి. బండి బరువేమో ఖాళీగానే పదకొండువందల కిలోలకు పైన. అందులో ఐదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒక పరుపుచుట్ట, రెండు స్టీలు క్యారియర్లు ఎక్కితే మన కుటుంబ ప్రయాణం అవుతుంది.

చదును రోడ్డు మీద ఆ యాభై చాలును. మేట్టుప్పాళయం దాటి ఘాటు ఎక్కేటప్పుడు చాలదు. అక్కడి నుండి ఊటీకి సుమారు యాభై కిలోమీటర్ల దారిలో బండి దాదాపు 1900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. ఊటీ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ మాత్రమే. ఇంజను పీల్చే గాలి తగ్గితే బలం కూడా తగ్గుతుంది. అనగా బండికి బలం అవసరమైన చోటనే యాభై కాస్తా నలభై అవుతున్నది. బర్లియారు మలుపుల దగ్గర బానెట్లు ఎత్తి, రేడియేటర్ల మీద తడి గుడ్డలు వేసి నిలబడిన అంబాసిడర్లను మీలో చాలామంది చూచియుందురు. మా బండి కూడా ఆ వరుసలో చాలాసార్లు నిలబడినది.

ఎక్కటం అటుంచి, దిగటంలో మాకు అంతకన్న పెద్ద సంగతి ఎదురైనది. 1996లో ఒక పెండ్లి చూచుకొని ఊటీ నుండి వస్తున్నాము. కూనూరు దిగిన తరువాత లైనింగు మాడిన వాసన వచ్చినది. ఆ వెనుకనే బ్రేకు పెడలు మెత్తబడి, క్రమంగా నేలదాకా పోసాగినది. వెనుక సీటులో మా పిన్నిగారు, ఒడిలో నాలుగేండ్ల పాప. చిన్నాన్నగారు మాట్లాడలేదు. క్లచ్చి నొక్కి రెండవ గేరులో వేసి, హ్యాండు బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, బండిని కొండ వైపు కాలువలోకి ఒరిగించి ఆపారు. గంటసేపు డ్రమ్ములు చల్లారిన తరువాత పెడలు మళ్ళీ మామూలుగా పైకి వచ్చినది. ఏ పైపూ పగలలేదు, ఆయిలు కారలేదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమైనది, లైనింగు పట్టు తగ్గినది, అంతే.

ఇందులోని లెక్క కొంచెం చెప్తాము, కుర్రవాళ్ళు వ్రాసుకోవచ్చును. మనుషులతో, సామానుతో బండి 1450 కిలోలనుకోండి. అరవై కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బండిని ఒకసారి పూర్తిగా ఆపితే కొంత వేడి పుడుతుంది. ఊటీ నుండి మేట్టుప్పాళయానికి దిగినప్పుడు ఆ బరువు విడిచే శక్తి అటువంటి వేడికి సుమారు నూటముప్పై రెట్లు! అందులో కొంత గాలికీ టైర్లకూ పోతుంది, తక్కువ గేరులో ఉంటే ఇంజను కొంత మ్రింగుతుంది. మిగిలినదంతా నాలుగు ఇనుప డ్రమ్ములలోనే చేరాలి. ఇంకొక లెక్క. వేగం అరవై నుండి ఎనభైకి పెరిగినది మూడవ వంతే. కాని ఆ బండిని ఆపటానికి పీల్చుకోవలసిన శక్తి దాదాపు నూటికి డెబ్బైయెనిమిది పాళ్ళు పెరుగుతుంది. పెద్ద ఇంజను వచ్చిన తరువాత ఎవరూ అరవై దగ్గర ఆగరు. అందుచేత పెద్ద ఇంజను పెట్టినవాడు తెలియకుండానే తన బ్రేకులను చిన్నవిగా చేసుకొంటాడు.

మేము మా పెద్దన్నయ్యతో కలిసి ఇంజను మార్చే ఆలోచన చిన్నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన అన్నమాట ఒక్కటే. "ఏరా, ఎక్కించే సంగతి మీరు చూసుకుంటారు సరే, దించే సంగతి ఎవరు చూస్తార్రా?"

"అది మొదట చూస్తాము చిన్నాన్నా, మీరు బండి తాళం ఇవ్వండి" అన్నారు అన్నయ్య.

"తాళం బ్రేకులకు మాత్రమే ఇస్తున్నాను. ఇంజను మాట అవి చూచిన తరువాత."

అట్లాగే జరిగినది. మొదటి నెల ఇంజను ఊసు ఎత్తలేదు. నాలుగు డ్రమ్ములు లేతు మీద పట్టించి, గుండ్రం సరిచేయించాము. గీతలు లోతుగా పడిన రెంటిని పారవేసి కొత్తవి వేశాము. షూలు, లైనింగులు, వీలు సిలిండర్లు, మాస్టరు సిలిండరు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. పాత బ్రేకు ఆయిలు చుక్క లేకుండా తీసి కొత్తది పోశాము. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిలు వేడికి తొందరగా మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. బుడగను నొక్కితే అది నలుగుతుందే గాని బ్రేకును తోయదు. ఈ ఒక్క పని, రెండేండ్లకొకసారి ఆయిలు మార్చటం, ఇంజను మార్చే ఉద్దేశం లేనివారు కూడా చేసుకోవలసినది. దీనికి అయ్యే ఖర్చు ఒకపూట హోటలు భోజనాల పాటిది. అయినా చేయించేవారు అరుదు!

ఇది మేము కనిపెట్టిన క్రమం కాదు. పెద్ద ఇంజను పెట్టటంలో పేరు పొందినవారంతా ఇట్లాగే నడిచారు. 1961లో ఇంగ్లండులో జాన్ కూపరు అనే ఆయన చేయి పడి మినీ కారులో 848 సీసీ బదులు 997 సీసీ ఇంజను వచ్చినది. ముప్పైనాలుగు అశ్వశక్తి కాస్తా యాభైయైదు అయినది. అదే బండిలో ముందు చక్రాలకు ఏడంగుళాల డిస్కు బ్రేకులు కూడా వచ్చినవి. అమెరికాలో కుర్రవాళ్ళు నలభై అశ్వశక్తిగల ఫోర్డు మోడలు-ఏ బండ్లలో, 1932లో వచ్చిన అరవైయైదు అశ్వశక్తి వి-ఎయిట్ ఇంజన్లను దించేవారు. కొంతకాలానికి వారే 1939 తరువాతి ఫోర్డు బండ్ల నుండి హైడ్రాలిక్ బ్రేకులు తీసి ఆ పాత బండ్లకు బిగించసాగారు. మోడలు-ఏ బండికి బ్రేకులు కడ్డీలతో లాగేవి. వేగానికి అవి చాలవని వారికి రోడ్డే నేర్పి ఉంటుంది.

ఇంజను ఎంచుకోవటం దగ్గరకు వద్దాము. మా 1489 ఇంజనుకు ఇంగ్లండులో అన్నదమ్ములు ఉన్నవి. అదే కుటుంబం, అదే పిస్టను నడక. సిలిండరు వ్యాసం మాత్రం 76కు పెంచితే 1622 సీసీ, 80 దాటిస్తే 1798 సీసీ. ఈ చివరిదే పేరు పొందిన ఎం.జి.బి. అనే కారులోనిది. అక్కడివారు తమ పాత మోరిస్ బండ్లలో ఎం.జి.బి. ఇంజను పెట్టుకొన్నారంటే, కుటుంబం ఒకటే గనుక పని కొంత సుళువు. మనకు ఇక్కడ ఆ ఇంజను దొరకదు. దొరికినా సామాను దొరకదు.

మనకు దొరికే దారిని కంపెనీవారే చూపించారు. 1980లలో వచ్చిన కాంటెస్సా కారు మీకు జ్ఞాపకం ఉండును. అంత పెద్ద శరీరానికి మొదట ఈ 1489 ఇంజనునే పెట్టారు. ఏనుగుకు మేక కాళ్ళు పెట్టినట్లు ఉన్నదని అందరూ నవ్వారు. తరువాత జపాను దేశపు ఇసుజు కంపెనీ నమూనా 1817 సీసీ ఇంజను పెట్టగానే అది వేరే బండి అయినది. 1990ల మొదట్లో అదే ఇంజనును డెబ్బైయైదు అశ్వశక్తితో, ఐదు గేర్లతో అంబాసిడరులో కూడా పెట్టి 1800 ఐ.ఎస్.జెడ్. అని అమ్మారు. అనగా మేము కట్టదలచుకొన్న బండిని కంపెనీవారు అప్పటికే కట్టియున్నారు! ఏ బ్రాకెట్టు ఎక్కడ, రేడియేటరు ఎంతది, సైలెన్సరు పైపు ఏ వంపున పోవాలి, అన్నిటికీ జవాబు ఎదుట ఉన్నది. ఇంటి షెడ్డులో పని చేయదలచినవారికి మేము చెప్పే ముఖ్యమైన మాట ఇదే. మీ బండి శరీరంలో కంపెనీవారు ఎన్నడూ పెట్టని ఇంజను జోలికి పోవద్దు. వాళ్ళు రెండేండ్లు లెక్కలు వేసిన పనిని మీరు ఆదివారాలలో చేయలేరు.

వెనుక నుండి లారీ కొట్టగా నలిగిపోయిన ఒక ఐ.ఎస్.జెడ్. బండి తునక సామానుకు అమ్మకానికి వచ్చినది. ఇంజను ఒక్కటే కొంటారా అని అడిగాడు అమ్మేవాడు. బండి మొత్తం కొన్నాము. ఇంజనుతోపాటు గేరుబాక్సు, క్లచ్చి, ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంజను మౌంటింగులు, రేడియేటరు, వైర్ల కట్ట, ఆక్సిలరేటరు తీగె అన్నీ ఒకచోట దొరికినవి. ఇంజను మాత్రం చౌకగా కొని తక్కినవి ఒక్కొక్కటి వెదుక్కోవటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు. అమ్మినవాడి రసీదు, ఆ బండి కాగితాలు, ఇంజను నెంబరు పెన్సిలుతో రుద్ది తీసిన కాగితం, మూడూ మా చిన్నాన్నగారు ఇనుప పెట్టెలో పెట్టారు.

కాగితాల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది కుర్రవాళ్ళకు ఎవరూ చెప్పరు. మేము ఆ పని చేసినది 1997లో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అప్పుడున్న రూపంలో, యజమాని ముందుగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి, అనుమతి పొంది మార్పు చేసుకోవచ్చును. అట్లాగే దరఖాస్తు పెట్టి, బండి చూపించి, పుస్తకంలో కొత్త ఇంజను నెంబరు, 1817 సీసీ ఎక్కించుకొన్నాము. ఈనాడు ఆ దారి లేదు. 2000లో ఆ సెక్షనును సవరించారు. తయారుచేసిన కంపెనీ మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి ఐదువేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చును. అరిగిపోయిన ఇంజను స్థానంలో అదే రకం ఇంజను పెట్టుకొనటానికి కూడా అధికారి అనుమతి, పుస్తకంలో కొత్త నెంబరు కావాలి.

జరిమానా కన్న భీమా సంగతి పెద్దది. ఇతరులకు కలిగే నష్టం కొరకు కట్టే భీమాలో కార్లను సీసీని బట్టి మూడు తరగతులు చేశారు. పదిహేనువందల లోపుది ఒక తరగతి, పైనది వేరొకటి. 1489 క్రింద వ్రాసిన బండిలో 1817 నడుస్తుండగా రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే, భీమావారు మొదట తెరిచేది బానెట్టు! ఆ తరువాత కోర్టులో నిలబడేది మీరు గాదు, మీ తండ్రిగారి ఇల్లు.

మా బండికి కూడా కాగితాల వల్ల ఒక నష్టం కలిగినది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏండ్లు దాటిన బండిని వింటేజి బండిగా ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చును. అయితే దాని శరీరంలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు జరిగియుండరాదు. 1972 బండికి 2022లో యాభై నిండినవి. మా బండికి ఆ గౌరవం లేదు. పాత బండిని పాత బండిగా దాచుకోదలచినవారు స్పానరు ఎత్తకముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇప్పుడు పని జరిగిన తీరు. పాత ఇంజను, గేరుబాక్సు కలిసి రెండు క్వింటాళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. మా షెడ్డు దూలం టేకుదే అయినా, పెంకుల బరువుతోపాటు ఇంజనును కూడా దానికి వేలాడదీయటానికి బావగారు ఒప్పుకోలేదు. ఇనుప గొట్టాలతో ముక్కాలిపీట కట్టి దానికి చెయిన్ కప్పీ తగిలించారు. వేలాడే బరువు క్రింద ఎవరూ చేయిగాని తలగాని పెట్టరాదు. జాకీ మీద నిలిపిన బండి క్రింద దూరరాదు, స్టాండ్లు వేసిన తరువాతనే. ఈ నియమం తప్పితే మా పిన్నిగారు మధ్యాహ్నం భోజనం పెట్టరని ప్రకటించారు. అంతకంటే బలమైన చట్టం మాకు కనబడలేదు.

బ్యాటరీ తీగెలు ముందు విప్పాము. నీళ్ళు, ఆయిలు దించాము. పెట్రోలు పైపు చివర బిరడా వేసి కట్టాము. విప్పిన ప్రతి వైరుకు చీటీ కట్టాము. చీటీలు తెలుగులో వ్రాయటం వల్ల ఒక లాభం కలిగినది. పక్కింటి ఉత్సాహవంతులు చదవలేక దూరంగా ఉన్నారు.

కొత్త ఇంజను దించటం రెండు గంటల పని. దాని చుట్టూ ఉన్నవి అమర్చటం నాలుగు నెలల పని. పాత బండికి గేరు కొయ్య స్టీరింగు ప్రక్కన, కొత్త గేరుబాక్సుకు నేల మీద. అందుచేత నేల రేకు కోసి, నలిగిన బండి నుండి ఆ ముక్కనే తెచ్చి అతికించాము. అంబాసిడరుకు లారీవలె వేరే చాసిస్ ఫ్రేము లేదు, శరీరమే అస్థిపంజరము. రేకు కోసిన చోట బలం తగ్గుతుంది. అంచులు మడిచి, గట్టి రేకు దళసరిగా వేసి వెల్డింగు చేయవలసి ఉంటుంది. బావగారు ఆ పనికి మాత్రం అనుభవం ఉన్న వెల్డరును పిలిపించారు. ఇంటి పని అంటే అన్నీ ఇంట్లోవారే చేయాలని కాదు గదా.

రేడియేటరు మాట. ఇంజనులో మండిన పెట్రోలు వేడిలో పనిగా మారేది పాతికవంతు, ముప్పైవంతు. దాదాపు అంతే వేడి నీళ్ళలోకి పోతుంది. మిగిలినది పొగతో పోతుంది. కాబట్టి యాభై అశ్వశక్తికి కట్టిన రేడియేటరు డెబ్బైయైదుకు చాలదు. చదును రోడ్డు మీద చాలినట్లు కనబడుతుంది. ఘాటులో మోసం చేస్తుంది. కొత్త బండి రేడియేటరునే శుభ్రం చేయించి పెట్టాము.

ప్రొపెల్లర్ షాఫ్టుతో మాత్రం చాలా అవస్థ పడ్డాము. దాని పొడవు కొంచెం సరిచేయించవలసి వచ్చి ఊరిలో ఒక వర్కుషాపుకు ఇచ్చాము. పేరు ఎందుకు లెండి. కోసి, అతికి, నున్నగా రంగు వేసి ఇచ్చారు. బ్యాలెన్సు చేశామన్నారు. అరవై దాటగానే సీటు క్రింద తేనెటీగల పట్టు కదిలినట్లు అదురు. మొదట మౌంటింగులు, తరువాత చక్రాలు, తరువాత క్రాసులు చూచాము. చివరకు షాఫ్టును మళ్ళీ విప్పి వేరొకచోట మిషను మీద త్రిప్పి చూపిస్తే అతుకు దగ్గర ఒకవైపు బరువు. షాఫ్టు గురించి గుర్తుపెట్టుకోవలసినవి రెండు. కమాను కట్టలు పైకీ క్రిందికీ ఆడినప్పుడు జారటానికి ముందు కొసన కొంత ఖాళీ ఉండాలి. ఇంజను వంపు, వెనుక యాక్సిలు వంపు సమానంగా ఉండాలి. అప్పుడే రెండు క్రాసుల అదురు ఒకదాన్నొకటి రద్దు చేసుకొంటుంది. కంటికి నేరుగా కనబడితే చాలదు, కోణం కొలిచి చూడాలి.

స్పీడోమీటరును ఎవరూ పట్టించుకోరు. గేరుబాక్సు మారితే అది అబద్ధం చెప్పవచ్చును. పాలక్కాడు రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళు చూచుకొంటూ, చేతి గడియారంతో సరిచూచాము. ముల్లు అరవై మీద నిలిపితే రాయికీ రాయికీ మధ్య సరిగా ఒక నిమిషం పట్టాలి. మాకు యాభై నాలుగు సెకండ్లు పట్టినది. అనగా అరవై అనుకొన్నప్పుడు అసలు వేగం దాదాపు అరవైయేడు! లోపలి చిన్న పళ్ళచక్రం మార్చిన తరువాతనే చిన్నాన్నగారు బండి నడపటానికి ఒప్పుకొన్నారు.

ఊటీ పరీక్ష వేసవి ముగిసే రోజులలో జరిగినది. బండి నిండా మనుషులు ఎక్కారు, కావాలనే. బర్లియారు దగ్గర బానెట్లు ఎత్తిన బండ్ల వరుస ఉన్నది. మేము ఆగలేదు. మూడవ గేరులో, గొంతు పెంచకుండా, బండి ఆ మలుపులు ఎక్కినది. ఆ ఆనందం దాచుకోవలసిన పని లేదు, పిల్లలు ఈలలు వేశారు. దిగేటప్పుడు చిన్నాన్నగారు స్టీరింగు దగ్గర కూర్చున్నారు. ఏ గేరులో ఎక్కామో అంతకంటే ఒక గేరు తక్కువలో దించారు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచక, అవసరమైనచోట గట్టిగా నొక్కి, వెంటనే వదలి, డ్రమ్ములకు గాలి తగలనిచ్చారు. కల్లారు దగ్గర ఆపి నాలుగు చక్రాలకూ చేయి దగ్గర పెట్టి చూచాము. వేడిగా ఉన్నవి, కాని వాసన లేదు. పెడలు ఎత్తులోనే ఉన్నది. పిన్నిగారు మాత్రం ఆ దారి పొడుగునా కండ్లు మూసుకొనే ఉన్నారు.

వేగమే కావాలంటే? వేగం కోరటం పాపం కాదు. దానికి రోడ్డు కాక వేరే స్థలం ఉన్నది. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద సంవత్సరాల తరబడి పందెములు జరిగినవి. మన కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో పందెపు బండ్లు కట్టి, ఎందరో కుర్రవాళ్ళకు ఆ విద్య అందుబాటులోకి తెచ్చారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆయన పేరు పెట్టిన ట్రాకు చెట్టిపాళయంలో ఉన్నది. అక్కడ ఎదురు లారీ రాదు, ఆవు అడ్డం రాదు, అంబులెన్సు ప్రక్కనే ఉంటుంది.

ఇక ఈనాటి కుర్రవాడు ఏమి చేయాలి? ముందు ఉన్న ఇంజను ఎంత బలహీనపడినదో కొలిచి చూడాలి. ప్రతి సిలిండరులో కంప్రెషను కొలిచే గడియారం ఏ మెకానికు దగ్గరైనా ఉంటుంది. లక్ష కిలోమీటర్లు తిరిగి, సిలిండరు అరిగి, వాల్వులు కారుతున్న ఇంజను తన యాభైలో ముప్పైయైదు కూడా ఇవ్వకపోవచ్చును. దానిని బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేసి, వాల్వులు కూర్చోబెట్టి, కార్బరేటరు సరిచేస్తే, పోయిన బలం తిరిగివస్తుంది. చాలామందికి పెద్ద ఇంజను అక్కరలేదు, తమ ఇంజనే మళ్ళీ కావాలి. ఆ పని చట్టానికి విరుద్ధం కాదు, పుస్తకంలో ఏదీ మారదు, బ్రేకులకు క్రొత్త భారం ఉండదు. బ్యాటరీతోనో గ్యాసుతోనో నడిచేటట్లు మార్చుకోదలచినవారికి చట్టంలోనే వేరే దారి ఉన్నది. ఆమోదం పొందిన కిట్లు, వాటిని బిగించే అనుమతి గలవారు ఉన్నారు.

మా షెడ్డులో పాత 1489 ఇంజను ఒక చెక్క పీట మీద ఉన్నది. సిలిండర్లలో ఆయిలు పోసి, గోనె కప్పి ఉంచాము. నెలకొకసారి చేత్తో త్రిప్పుతాము. దానిని విప్పి బిగించటం నేర్చుకోదలచిన పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, వచ్చే నెల మొదటి ఆదివారం నుండి ఉదయం తొమ్మిదికి రావచ్చును. సామాను మావి. పాత బట్టలు వేసుకొని రావాలి, చేతులు కడుక్కొనే సబ్బు మీరే తెచ్చుకోవాలి. భోజనం సంగతి పిన్నిగారి నియమం ఇప్పుడూ అమలులోనే ఉన్నది.